పైనుంచి దిగే వాసన

గాలిని కొలిచే ఆఫీసులో ఆయన్ని ‘కిటికీల సారు’ అంటారు. ఉరుముల గాలివాన ఆకాశపు పైపొరల్లోని ఓజోన్‌ను నేలకు ఈడ్చుకొచ్చి మీటరులో ముల్లు లేవగానే, చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేస్తాడు. “చెల్లి గది కిటికీ మూసెయ్.” ఆ గదిలో ఎవరున్నారని అడిగి అడిగి భార్య విసిగిపోయింది. ఆయాసంతో మంచం పట్టిన చెల్లెలు ఒక వానరోజు, “అన్నయ్యా, కిటికీ తియ్యవా, ఆ వాసన ఎంత హాయిగా ఉందో!” అంటే ఆయనే తీశాడు. సాయంత్రానికి ఆమె లేదు. ఆ వాసన ఓజోన్‌దనీ, అది ఊపిరి బిగించేస్తుందనీ ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఇవాళ వానలో తడిసి ఇల్లు చేరేసరికి ఆ కిటికీ బార్లా తెరిచి ఉంది. “నేను మూసే వచ్చానండీ, ఒట్టు,” అంది భార్య. ఆయన రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టి, ఖాళీ మంచం వైపు తిరిగి బతిమాలుతున్నట్టు అన్నాడు: “వాన వెలిశాక తీస్తాలేమ్మా.”