రోజలిన్ గారూ, ‘ఇతరులు’ గడీ

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది. నిన్న నెలవారీ పట్టిక చేతిలోకి తీసుకోగానే ఆ వెచ్చదనానికి భయమేసి, చదవకుండా బల్ల మీద పెట్టేశాను. పదకొండేళ్లుగా చేస్తున్న పనే, అయినా అంతే. వెంటనే రోజలిన్ గారు గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, “చదవమ్మా, కాగితం కరవదు” అనేవారు. ఆవిడ పోయి రెండేళ్లయింది.

మాది ఆత్మహత్యల వివరాలు కూర్చే సెక్షన్. జిల్లాలోని పోలీస్ స్టేషన్ల నుంచి ఫారాలు వస్తాయి. చనిపోయిన మనిషి బతుకుతెరువు ఏమిటో చూసి రైతు, కూలీ, ఉద్యోగి, గృహిణి అని తగిన గడిలో వేసి పైకి పంపుతాం. ఇలాంటి గడులన్నీ కలిస్తేనే దేశం లెక్క తయారవుతుంది. గుణదల నుంచి వచ్చే రోజలిన్ గారు మా సూపరింటెండెంటు. ఆవిడ గట్టిగా తుమ్మితే సెక్షనంతా లేచి నిలబడేది. చేరిన కొత్తల్లో నాకు ఆవిడంటే భయం, ఆ ఫారాలంటే ఇంకా భయం. మా నాన్న కంకిపాడు అవతల నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు. ఆ ఏడు కోతకొచ్చిన వరి నీట మునిగింది. అప్పటినుంచి ఆయన ఫోన్లో మాట్లాడడం తగ్గించేశాడు. అందుకే మా ఊరి స్టేషన్ కట్టను అన్నిటికన్నా చివర విప్పేదాన్ని.

“ఏమ్మా, ఈ కట్ట ఎప్పుడు చూసినా అడుగునే ఉంటుందేం?” అని ఒకరోజు ఆవిడ అడిగారు. చెప్పాను. ఓదార్చలేదు. కట్ట లాక్కుని పేర్లన్నీ తానే చూసి, “మీ నాన్న పేరు లేదు. ఇక పని చూసుకో” అన్నారు. ఆ తర్వాత ప్రతి నెలా ఆ కట్ట నాకంటే ముందు ఆవిడే విప్పేవారు.

ఆ రోజుల్లోనే దివిసీమ వైపు నుంచి ఒక ఫారం వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి, వృత్తి ‘ఇతరులు’. నేను అలాగే లెక్కలో కలిపేశాను. రోజలిన్ గారికి ఆ మాట కంటపడితే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. “ఇతరులంటే ఎవరే అమ్మాయ్? ఫోన్ చెయ్యి” అన్నారు. స్టేషన్లో రాతపని చూసే రైటర్ ఎత్తాడు.

“పాస్‌బుక్కు ఆయన పేర లేదండీ, పొలం ఆసామిది. రైతని ఎట్టా రాయమంటారు? కూలీ అందామంటే మధ్యలో ఆటో కూడా తోలేవాడంట. అందుకని ఇతరుల్లో పడేశా.”

మా డెల్టాలో కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. కాగితం రాస్తే పొలం చేజారుతుందని ఆసామికి అనుమానం, కాగితం అడిగితే కౌలు పోతుందని రైతుకు భయం. ఈ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ గడి చూసి అనుమానపడలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మేమే వెళ్లి అడగాలన్న రూలేమీ లేదు. అయినా మర్నాడు పొద్దున్నే రోజలిన్ గారు నన్ను బస్సెక్కించారు. ఆ ఇంట్లో చనిపోయినతని భార్య మాకు మంచినీళ్లిచ్చింది. ఆయన ఏం పని చేసేవారమ్మా అని రోజలిన్ గారు మెల్లగా అడిగారు. ఆమె వీధి వైపు చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“కూలీ అని రాసుకోండమ్మా.”

“కౌలు చేసేవారని అంటున్నారుగా?”

“చేసేవోడే. పదహారేళ్లు చేశాడు. ఆ మాట మీ కాగితం మీద పడితే ఆసామి ఊరుకోడండీ. ఈ యేడు పొలం నాకిస్తానన్నాడు. పోయినాయన ఎట్టాగూ రాడు, నేను బతకాల గదా?”

రోజలిన్ గారు పెన్ను మూత పెట్టేశారు. తిరుగు బస్సెక్కాం. నేనే అడిగాను, ఏమని వేద్దామని.

“ఆవిడ చెప్పిందే వెయ్యి. నిజం రాసి ఆవిడ పొలం లాగేద్దామా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.” ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, “లెక్క తప్పని మనిద్దరికీ తెలుసు. నేను రిటైరయ్యాక కూడా నువ్వు మర్చిపోకు” అన్నారు. అంకె తేడా వస్తే ఆఫీసు దద్దరిల్లేలా అరిచే మనిషి ఆ మాట పక్క సీటుకు వినపడనంత మెల్లగా అన్నారు. అది విని నాకు ఏడుపొచ్చింది.

విజయవాడలో బస్సు దిగగానే నాన్నకు ఫోన్ చేశాను.

“నాన్నా, ఎవరైనా ఆఫీసరొచ్చి నువ్వేం పని చేస్తావంటే ఏం చెప్తావు?”

“కూలీ అని చెప్తా” అన్నాడు తడుముకోకుండా. వెంటనే గొంతు తగ్గించి, “ఎందుకమ్మా? ఎవరన్నా వస్తన్నారా?” అన్నాడు.

నాన్నకు భయమనేది ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. “ఎవరూ రావట్లేదు నాన్నా” అని చెప్పి బస్టాండులో జనం మధ్య ఫోన్ పెట్టేశాను. ఆయనకేదైనా అయితే ఆయన పేరు ఏ గడిలో పడుతుందో ఆ క్షణమే తెలిసిపోయింది. అక్కడ వేయమని చెప్పేది మా అమ్మే. వేసేది నేనే.

నాన్న ఆ ఏడు గట్టెక్కాడు. నేను మాత్రం ఆ బస్టాండు దాటి రాలేదేమో అనిపిస్తుంది. రైతుల గడిలో అంకె తగ్గిన నెలల్లో ఆఫీసులో అందరి మొహాలూ తేటపడతాయి. నాకు ఆ నెలల్లోనే భయం ఎక్కువ. తగ్గినవాళ్లు బతికే ఉన్నారో, పక్క గడిలోకి జరిగారో పట్టిక చూస్తే తెలియదు. అందుకని ఫోన్ దగ్గరకు లాక్కుని ఒక్కో స్టేషన్‌నూ అడుగుతాను, ఆయన ఏం పని చేసేవారండీ అని. అవతలివాళ్లు జవాబు కోసం కాగితాలు తిరగేస్తుంటారు. వాళ్లు చెప్పేదాకా ఆ మనిషిని ఏ గడిలోనూ వేయను.