తడి కర్ర

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ బుడ్లక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని బుడ్లలో కణాలను పెంచడమే. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులుంటాయి చూశారూ, ఎప్పుడో ఒక ఎలుకకున్న ఆ గ్రంథిలోంచి తీసిన కణాలవి. ఎలుక ఏనాడో పోయింది, కణాలు మాత్రం గులాబీరంగు ద్రవం తాగుతూ నిక్షేపంలా ఉన్నాయి. మెదడు నుంచి వచ్చే హార్మోను చుక్క వేస్తే చాలు, బల్లపరుపుగా పడుకున్నవి కాస్తా గంటలో గుండ్రంగా ముడుచుకుని స్టెరాయిడ్ల తయారీకి దిగుతాయి. "పిలిస్తే లేచే పిల్లలు నావి" అని మురిసిపోయేది బుడ్లక్క. సొంత కొడుకు పది పిలుపులకైనా లేవడని ఆ వెంటనే విసుక్కునేది.

ఈ కణాలకో పాడు గుణం ఉంది. బుడ్డి నిండగానే విడదీసి కొత్త బుడ్లలో వేయాలి, లేదా చస్తాయి. విడదీసిన కొద్దీ హార్మోను పిలుపు మరిచిపోతాయి. అందుకే పిలుపు బాగా వినే రోజుల్లోనే కొన్నిటిని ద్రవ నత్రజని డబ్బాలో గడ్డకట్టించి దాస్తారు. నత్రజని రోజూ ఆవిరైపోతూ ఉంటుంది. డబ్బాలో ఇంకా ఎంతుందో చూడాలంటే కర్ర ముంచి తీసి గాలిలో ఊపాలి. మంచు ఎంతవరకు పడితే అంత ఉన్నట్టు. కర్ర మాత్రం పొడిగా ఉండాలి. తడి కర్రకు మంచు ఉన్నదానికంటే పైదాకా పాకుతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఈ సంగతి చెవినిల్లు కట్టుకుని పోరింది బుడ్లక్కే.

ఆ శుక్రవారం కొడుక్కి జ్వరమని బడి నుంచి ఫోను వచ్చింది. అప్పుడే కడిగిన కర్రను తుడవకుండానే ముంచింది. మంచు సగందాకా కనబడింది. వారందాకా ఢోకా లేదనుకుని పుస్తకంలో రాసేసి పరుగెత్తింది. సోమవారానికి డబ్బా ఎండిపోయింది. దాచినవన్నీ పాడయ్యాయి. అక్కడే థీసిస్ చేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని నాలుగేళ్లు తంటాలు పడి, ఒక జన్యువు మార్చి తయారుచేసుకున్న కణాలవి. ఇంకెక్కడా దొరకవు. కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్‌లో వాటిలో మిగిలిందల్లా ఒక్క బుడ్డి, అదీ ఎన్నోసార్లు విడదీసిన పాతది. ఆ అమ్మాయి థీసిస్‌కు ఆఖరి ప్రయోగం ఇంకా బాకీ ఉంది, దానికి హార్మోను పిలుపు వినే కణాలే కావాలి.

"తప్పు నాదేనమ్మా. కర్ర తుడవలేదు" అంది బుడ్లక్క.

"తుడవలేదా? మీరా?" అంది ఆ అమ్మాయి. వెళ్లి ఇంక్యుబేటర్‌లోంచి ఆ మిగిలిన బుడ్డి తెచ్చింది. నాలుగు తిట్టినా బాగుండేదని బుడ్లక్క ప్రాణం ఉసూరుమంది.

ఇద్దరూ ఆ బుడ్డిలోని కణాలకు హార్మోను చుక్క వేశారు. గంట గడిచింది. బుడ్లక్క మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ఒక్కటీ ముడుచుకోలేదు.

"ఎలా ఉన్నాయక్కా?"

"బాగానే ఉన్నాయమ్మా. తింటున్నాయి, పెరుగుతున్నాయి. పిలిస్తేనే పలకడం లేదు."

ఇంకో చుక్క వేశారు, ఇంకో గంట చూశారు. కణాలు ఎప్పటిలాగే బల్లపరుపుగా పడుకుని ఉన్నాయి. ఏ జబ్బూ లేదు. మందు వేయడానికైనా జబ్బంటూ ఉండాలి కదా.

ఆ అమ్మాయి కూడా మైక్రోస్కోపులో చూసి తల ఎత్తింది.

"అక్కా, రేపు వీటికి ద్రవం మార్చాలా?"

రోజూ పొద్దున్నే ఎవరూ అడగకుండానే బుడ్లక్క చేసే పని అది. చేతి తొడుగులు విప్పకుండా అలాగే నిలబడింది. మార్చకపోతే చస్తాయి, మార్చినా పలకవు.