తిన్నని ఎడమ అంచు

ఆదోని జిన్నింగు మిల్లుల దూది మా కంప్యూటరులోకి కూడా దూరేది. ఫ్లాపీ పెట్టే సందులోంచి పుల్లతో ఆ దూది పీకడమే రోజూ పొద్దున్నే నా మొదటి పని. ఎనభైల చివర, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్పేవాణ్ణి. ఆ దుమ్మూ, గంటకోసారి పోయే కరెంటూ, చుక్క మరిచిపోతే అలిగి కూర్చునే ఆ భాష చాదస్తమూ కలిసి నాకు ఆ ఉద్యోగమంటేనే రోత పుట్టించాయి.

నాకు టైపు నేర్పిన మాస్టారు కూడా అక్కడే పనిచేసేవారు. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. టైపు మిషన్లు తీసేసి అన్నీ కంప్యూటర్లే పెడతానని యజమాని ఒకరోజు చెప్పాడు. సోమవారం వచ్చి చూస్తాననీ, కంప్యూటరు మీద పని చేయగలిగితేనే మాస్టారిని ఉంచుతాననీ అన్నాడు. అందుకే ఆయన నన్నడిగి, నేను నోటుపుస్తకంలో రాసుకున్న ప్రోగ్రామును ఆదివారమంతా కూర్చొని టైపు చేశారు. పిల్లల మార్కుల పట్టిక అచ్చువేసే ప్రోగ్రాము అది. యజమానికి చూపించాల్సింది దాన్నే.

సోమవారం పొద్దున తెర మీద దాన్ని చూశాను. కోబాల్‌లో శీర్షికకు ముందు ఏడు ఖాళీలు వదలాలి, దాని కింది వాక్యాలకు పదకొండు. వదలకపోతే వరుసలో మొదటి ఆరు అక్షరాలను ఆ భాష లెక్కలోకే తీసుకోదు. మాస్టారు అన్నిటినీ ఎడమ అంచు నుంచే కొట్టారు. అది చాలదన్నట్టు, పేరాను సర్దే మీట ఒకటి కనిపెట్టి నొక్కుకుంటూ పోయారు. పొట్టి వరుసలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ప్రోగ్రాము కాస్తా తహశీల్దారుకు పెట్టుకున్న అర్జీలా తయారైంది.

"వొక్క తప్పు ల్యాదప్పా, సూసుకో. మీట నొక్కితే సాలు, అదే సర్దుకుంటాది. యాడన్నా వంకర ఉందా?" అన్నారు సంబరంగా.

నిజంగానే ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. నడిపిస్తే మాత్రం యంత్రం వరుసకో తప్పు చూపించింది.

"సార్, ఈడ ఖాళీలుండాల. అంతా సెడగొట్టినారు."

"ఆ ఖాళీల్ని ఎవురు సదువుతారప్పా?"

"మీకు సెప్పినా తెలీదు. లెయ్యండి సార్."

ఆయన లేచారు. వరుసలు విడగొట్టుకుంటూ, స్పేస్ బార్ మీద బొటనవేలు వాచేదాకా కొట్టుకుంటూ, మధ్యాహ్నం వరకూ ఆ ముసలాయనను లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయన పక్కనే నిలబడి నా ఖాళీలు లెక్కపెట్టారు. "ఏడు... పదకొండు..." అని గొణుగుతుంటే నాకు ఇంకా ఒళ్లు మండింది.

యజమాని వచ్చే వేళకు ప్రోగ్రాము నడిచింది. అచ్చయిన పట్టిక చూసి తలూపి, మాస్టారి ముందే నన్నడిగాడు.

"ఈయప్పకు కంప్యూటరు వస్తాదా?"

"రాదు" అన్నాను.

మాస్టారు నెలాఖరు దాకా వచ్చి, తర్వాత రావడం మానేశారు.

ఇన్నేళ్లయినా ఆ రోజు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ ఖాళీల సంగతి నేనాయనకు ముందుగా చెప్పనే లేదు. నోటుపుస్తకంలో కూడా, కాగితం కలిసొస్తుందని, అన్నీ ఎడమ అంచు నుంచే రాసుకున్నాను. ఆయన ఉన్నదున్నట్టు కొట్టారు.