విడిదిలో కుళాయిలు

పాలకొల్లులో మా మావయ్యగారు కట్టించిన లాడ్జికి మూడో బోరు వేస్తే గానీ మంచినీళ్లు పడలేదు. మొదటి రెండింట్లోనూ ఉప్పునీళ్లే. ఆ ఉప్పుకి ఇనప గొట్టాలు రెండేళ్లకే తుప్పుపట్టి పూడిపోయేవి, కుళాయిలు పట్టుకుంటే ఊడొచ్చేవి. ప్లంబరు మా ఇంట్లో మనిషైపోయాడు. మూడోది పడ్డప్పుడు బోరు మేస్త్రి ఒక్కటే చెప్పి వెళ్లాడు. ఇక్కడ పైన మంచినీళ్లు, అడుగున ఉప్పునీళ్లు. అరగంట తోడితే రెండు గంటలు ఆపాలి. ఆశపడి తోడేస్తే కింది ఉప్పు పైకొస్తుంది, మళ్లీ దిగదు.

ఆ మాటని మా ఇంట్లో నా అంత నిష్ఠగా పాటించినవాళ్లు లేరు. లాడ్జి పని నా చేతికొచ్చాక కారే ప్రతి కుళాయికీ వాషరు మార్పించాను, స్నానాల గదుల్లో పెద్ద బకెట్లు తీయించి చిన్నవి పెట్టించాను. వెనకాల నన్ను పిసినారి కోడలనేవారు. అనుకోనీ అనుకున్నాను.

తొంభైల చివర్లో ఒక వేసవి. కాలువలు కట్టేశారు. మునిసిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే లాడ్జి మొత్తం ఒక మగపెళ్లివారికి విడిదిగా ఇచ్చాం. జంగారెడ్డిగూడెం నుంచి రెండు బస్సుల్లో దిగారు. పెళ్లికూతురి తండ్రి మా వీధి ఆయనే. "విడిదిలో ఏ లోటూ రానివ్వకమ్మా, వాళ్లతో మాట పడలేను," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు.

పొద్దుటి స్నానాలకే ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయింది. ఎనిమిదింటికి నేను మేడ మీదకెళ్లి గదులకు నీళ్లు దిగే వాల్వు కట్టేశాను. మిగిలిన నీళ్లు వాళ్లు మండపం నుంచి తిరిగొచ్చేదాకా దాచాలని నా ఎత్తు. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను కూడా. మావయ్యగారికి మాత్రం నచ్చలేదు.

"విడిదిలో నీళ్లు కట్టేస్తారా ఎక్కడైనా?" అన్నారు.

"ఇంకాసేపట్లో బయల్దేరుతున్నారు కదండీ, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

పదింటికి, అందరూ వెళ్లాక, తర్వాత మర్చిపోతానేమోనని అప్పుడే వాల్వు తెరిచేసి, ట్యాంకు నింపడానికి మోటారు వేశాను. అరగంటకి నిండాల్సిన ట్యాంకు నిండలేదు. పన్నెండుకల్లా వాళ్లు వచ్చేస్తారు. మోటారు ఆపాలని నాకు తెలుసు. ఇంకో పది నిమిషాలు చూద్దాం అనుకున్నాను. ఆ పది కాస్తా ఇంకో పది అయింది. గంట దాటాక మేడెక్కి మూత తీస్తే ట్యాంకు అడుగు కనబడుతోంది. దిగి వస్తుంటే వరండాలో ప్రతి తలుపు వెనకా నీళ్ల చప్పుడు.

పొద్దున్న వాళ్లు కుళాయిలు తిప్పారు. నీళ్లు రాలేదు. తిప్పినవి తిప్పినట్టే వదిలేసి, గదులకి తాళాలేసుకుని పెళ్లికి వెళ్లారు. పొదుపు చేద్దామని దాచిన నీళ్లు నేనే తెరిచి మురుక్కాలవలో పోశాను.

మోటారు ఆపి, మళ్లీ వాల్వు కట్టబోతే, వెనకటి ఉప్పుకి తుప్పుపట్టిన దాని చక్రం ఊడి చేతికొచ్చింది. ఇక గదుల్లోకి వెళ్లి కుళాయిలు కట్టడం ఒక్కటే దారి. నేను డూప్లికేటు తాళంచెవులు తీస్తుంటే మావయ్యగారు అడ్డొచ్చి ఆపారు.

"వద్దమ్మాయ్! పెట్టెల్లో నగలుంటాయి. రేపు ఏ గొలుసో కనబడలేదంటే మన పరువేం కావాలి?"

రిక్షా ఎక్కి మండపానికి వెళ్లాను. దారంతా ఒకటే భయం, బోరుకి ఉప్పు తగిలిందో లేదో అని. బయల్దేరే ముందు ఒక్క గుక్క తాగి చూస్తే తెలిసిపోయేది. ఆ ధైర్యం లేకపోయింది.

అక్కడ మొదటి బంతి వడ్డిస్తున్నారు. పెళ్లికొడుకు తల్లికి నెమ్మదిగా సంగతి చెప్పాను. వాల్వు కట్టేసింది నేనని మాత్రం చెప్పలేదు. పక్కనే ఉన్న పెళ్లికూతురి తండ్రి ముఖం పాలిపోయింది. ఆవిడ నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను.

"మెట్టలో బిందెడు నీళ్లకి ఎంత దూరం నడిచామో మావాళ్లు అప్పుడే మర్చిపోయారా? ఒళ్లు కొవ్వెక్కింది ఒక్కొక్కళ్లకి," అంటూ లేచింది. బంతి దగ్గరే తిరిగి అందరి దగ్గరా తాళంచెవులు లాక్కుని, పట్టుచీరతోనే నా పక్కన రిక్షాలో కూర్చుంది.

పద్నాలుగు గదుల్లోనూ కుళాయిలు ఆవిడే కట్టింది. నేను తలుపులు తీస్తూ, వేస్తూ వెంట నడిచాను. తన వాళ్లని తిట్టుకుంటూనే ఉంది పాపం. తప్పు నాదండీ అని ప్రతి గదిలోనూ అనబోయాను. అనకుండానే పక్క గది తాళం తీసేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఖరి గదిలో కుళాయి సన్నగా కారుతోంది. ఎండన పడి వచ్చిందేమో, ఆవిడ దోసిలి పట్టి ఒక గుక్క తాగింది. ముఖం చిట్లించింది.

"ఇక్కడి నీళ్లు ఎప్పుడూ ఇంత ఉప్పగానే ఉంటాయా అమ్మా?"

మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన వైపు చూడలేకపోయాను.

"ఎప్పుడూ ఇంతేనండి," అన్నాను.

మావయ్యగారు లోపలికొచ్చి, ఇంకా చుక్కలు పడుతున్న ఆ కుళాయిని గట్టిగా బిగించి, కిందికి వెళ్లిపోయారు.