నోట్లో పిల్లలతో గోపన్‌పల్లి దాకా

2023 వానాకాలం. మణికొండలో నాకు అక్వేరియం షాపు ఉంది. చేపలు అమ్మడం కంటే ఇళ్ళకు వెళ్ళి తొట్లు శుభ్రం చేయడం, ఇల్లు మారేవాళ్ళ తొట్లు విప్పి కొత్తింట్లో బిగించడమే నాకు ఎక్కువ పని. ఈ చుట్టుపక్కల ఐటీ వాళ్ళు కిరాయి ఇళ్ళు మారుతూనే ఉంటారు. అట్లాంటి షిఫ్టింగులు ఎన్నో చేశాను. వెంకటేశ్ గారింటిది మాత్రం మరిచిపోలేదు.

వెంకటేశ్, ఆయన భార్య పద్మజ ప్రొద్దుటూరు వైపు వాళ్ళు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. హాల్లో ఒక గోడ పొడవునా ఆయన తొట్టి. అందులో ఆఫ్రికన్ సిక్లిడ్లు, అంటే ఆఫ్రికా సరస్సుల్లో రాళ్ళ మధ్య బతికే చేపలు. పసుపు, నీలం, నారింజ రంగుల్లో చూడ్డానికి ఎంత బాగుంటాయో అంత పంతం వాటికి. ఒక్కో మగచేప ఒక రాతిగుహ తనదనుకుంటుంది. ఇంకో చేప అటు వస్తే తోక కొరికి తరిమేస్తుంది. ఆ తొట్టిలో ఒక నీలం మగచేపది పెత్తనం. ఎడమవైపు రాళ్ళన్నీ దానివే.

అందులోనే ఒక పసుపు ఆడచేప ఉండేది. అది మౌత్ బ్రూడర్. గుడ్లను, పిల్లలను నోట్లోనే దాచుకుని పెంచే రకం. పిల్లలు బయటికొచ్చేదాకా, అంటే మూడు వారాల పైనే, మేత సరిగ్గా ముట్టదు. అంతకుముందు అది పిల్లల్ని వదిలిన ప్రతిసారీ మిగతా చేపలు మింగేశాయి. ఈసారి నోట్లో పిల్లలుండగానే దాన్ని వేరే తొట్టిలో పెడదామని మేం అనుకుంటుండగా ఇంటి ఓనర్ ఖాళీ చేయమన్నాడు. వాళ్ళకు గోపన్‌పల్లిలో ఫ్లాట్ దొరికింది.

షిఫ్టింగ్ రోజు పొద్దుట్నుంచీ ముసురు. నేను వెళ్ళేసరికి ప్యాకర్స్ వాళ్ళు సోఫా దింపుతున్నారు. వెంకటేశ్ కిటికీ గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చెవిలో హెడ్‌సెట్‌తో నిలబడి ఉన్నాడు. ఆఫీసులో ఏదో రిలీజ్ ఆగిపోయిందట. మ్యూట్‌లో పెట్టి నా వైపు తిరిగాడు.

"అన్నా, నేను కదల్లేను. పసుపుది జాగ్రత్త. పద్మజ నీతో వస్తాది."

"నేనా?" అంది ఆమె. సామాన్లన్నీ సర్ది అప్పటికే అలిసిపోయి ఉంది. "నాకా చేపలంటేనే పడదు. అమ్మేసి పోదామంటే విన్నాడా?"

అయినా వచ్చింది. నీళ్ళు సగం డ్రమ్ముల్లోకి తోడాను. ఫిల్టర్ లోపలి స్పాంజీలను అవే నీళ్ళలో ముంచి పెట్టాను. నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా వాటిలోనే ఉంటుంది, ఎండితే చచ్చిపోతుంది. నీలం చేపను ఒక డబ్బాలో, మిగతావాటిని డ్రమ్ముల్లో, పసుపుదాన్ని మూత ఉన్న బకెట్‌లో విడిగా పెట్టాను. బెదిరితే అది పిల్లల్ని ఉమ్మేయొచ్చు, మింగేయనూ వచ్చు. వ్యాన్‌లో వెనక డ్రమ్ముల పక్కన పెడితే కుదుపులకు ఆగదు. అందుకే బకెట్ ముందు సీట్లో పద్మజ ఒళ్ళో పెట్టి, బ్యాటరీ ఎయిర్ పంప్ ఆన్ చేశాను.

గచ్చిబౌలి దాటాక ట్రాఫిక్ ఆగిపోయింది. రోడ్డు మీద నీళ్ళు. మా వ్యాన్ జరుగుతుంది, ఆగుతుంది. బ్రేక్ వేసినప్పుడల్లా నేను బకెట్ వైపు చూసేవాణ్ణి. ఆమె మూత కొంచెం ఎత్తి చూడటం, మళ్ళీ పెట్టడం.

"పొద్దున లేస్తానే వాటికి మేత. ఆఫీసు నుంచి వస్తానే వాటి ముందర కూర్చోడం," అంది ఉన్నట్టుండి. "నేనేమన్నా చెప్పబోతే, ఒక్క నిమిషం అంటాడు. ఇంట్లో నేనొకదాన్ని ఉండానని గుర్తే ఉండదన్నా."

"మేడం, జర మూత పెట్టున్రి. వెలుగుకు బెదురుతది," అన్నాను.

పెట్టింది. మెల్లగా అడిగింది. "ఇన్ని దినాలూ ఏమీ తినకుండా ఎట్లుంటాదన్నా?"

"ఉంటది మేడం. బక్కగైతది, గంతే."

తర్వాత ఆమె భర్త మాట ఎత్తలేదు. బకెట్‌ను రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

గోపన్‌పల్లి చేరితే అక్కడ ఇంకో తంటా. సర్వీస్ లిఫ్టులో ప్యాకర్స్ వాళ్ళ బీరువా ఇరుక్కుంది. మామూలు లిఫ్టులో నీళ్ళ డ్రమ్ములు ఎక్కించనీయనని సెక్యూరిటీ యాదయ్య అడ్డం నిలబడ్డాడు.

"అసోసియేషనోళ్ళు నన్ను తిడ్తరు సార్. నేనేం జేయాలె?"

ఎయిర్ పంప్ చప్పుడు నీరసపడుతోంది. ఫిల్టర్ స్పాంజీల డబ్బా వేడెక్కుతోంది, ఇంకా ఆలస్యమైతే అందులో బ్యాక్టీరియా బతకదు. నేను సెల్లార్‌లో అటూ ఇటూ తిరుగుతున్నాను. అంతలో పద్మజ కేక వేసింది.

"అన్నా! నోట్లోంచి ఏందో రాలతాండాది! రా అన్నా!"

పరుగెత్తాను. బకెట్ అడుగున చిన్న చిన్న పసుపు చుక్కలు. ఒక్కొక్కటీ కదులుతోంది. యాదయ్య కూడా వంగి చూశాడు. తల్లి బెదిరి ఉంది. ఇంకో క్షణం ఆగితే తినేస్తుందేమోనని వలతో దాన్ని ఒక ఖాళీ డబ్బాలోకి తీశాను. పిల్లలు అప్పటికే ఈదే వయసుకొచ్చాయి, అది మా అదృష్టం.

యాదయ్య అడ్డం తప్పుకున్నాడు. లిఫ్టు తలుపు పట్టుకుని, "ఎక్కున్రి బిరాన. తిడితే తిట్టనీ," అన్నాడు.

తొట్టి బిగించి, ఫిల్టర్ నడిచేసరికి సాయంత్రమైంది. డ్రమ్ముల్లోవాటిలో రెండు చేపలు దక్కలేదు. రాళ్ళు కొత్తగా పేర్చడంతో నీలం చేప తన చోటేదో తెలియక పైపు వెనక నక్కింది. వెంకటేశ్ తడిసిపోయి వచ్చి నేరుగా తొట్టి దగ్గరికి పోబోయాడు. పద్మజ అతని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. గట్టు మీద చిన్న గాజు తొట్టిలో పిల్లలు. తల్లి వాటిని ఎట్లా వదిలిందో, తను ఎట్లా అరిచిందో ఆమె మొదట్నుంచీ చెబుతుంటే అతను నిలబడి విన్నాడు. జేబులో ఫోన్ మోగుతున్నా తీయలేదు.

కొన్ని రోజులకు ఆమే ఫోన్ చేసింది. "అన్నా, వీటిని పెద్దదాంట్లో వేద్దామంటాడు మా ఆయన. నీలంది మింగదా? వాటి జోలికి రావద్దని చెప్పినా. మేత ఏం పెట్టాలో నాకు చెప్పు, ఆయనకు గాదు."

చేపల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడమే నా పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు కొత్త తొట్టి బిగించడానికి ఏ ఇంటికెళ్ళినా, ఇది ఇంట్లో ఎవరికి ఇష్టం లేదో ముందే అడుగుతాను. మొదటి మేత వాళ్ళ చేతే వేయిస్తాను.