సన్న గ్లాసులో పాలు

హిందూపురంలో బి.ఇడి. చదివేటప్పుడు పిల్లల మనస్తత్వం గురించిన పాఠంలో ఒక ప్రయోగం ఉండేది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోసి పిల్లలకు చూపించాలి. రెండూ సమానమేనని వాళ్లు ఒప్పుకున్నాక, ఒకదాంట్లోని నీళ్లను వాళ్ల కళ్లముందే పొడుగాటి సన్న గ్లాసులోకి వంపాలి. ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడగాలి. ఆరేడేళ్ల లోపు పిల్లల్లో చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. మట్టం పైకి లేవడమే వాళ్ల కంటికి ఆనుతుంది, గ్లాసు సన్నగా ఉండడం ఆనదు. పాత్ర మారినా నీళ్లు అవే అన్న ఎరుకను మా పుస్తకంలో ‘పదిలపరచుకునే భావన’ అని రాశారు. తెలిసిన పిల్లలతో చేసి చూసి రమ్మని మాకు చెప్పారు.

ధర్మవరంలో మా అక్క ఉండేది. బావ పట్టుచీరలు నేసేవాడు. వాళ్ల పాపకు అప్పటికి ఐదేళ్లు, పిల్లోడు ఇంకా చంటివాడు. ఒక ఆదివారం గ్లాసులు సంచిలో వేసుకుని పెనుకొండ మీదుగా పోయే బస్సెక్కాను. మగ్గం పక్కన పాపను కూర్చోబెట్టుకుని నీళ్లు వంపాను.

“యాదాంట్లో ఎక్కువుండాయి?” అని అడిగాను.

“దీంట్లో చిన్నమ్మా,” అని సన్న గ్లాసును పట్టుకుంది. మళ్లీ పాత గ్లాసులోకి వంపితే సమానమేనంది. ఎన్నిసార్లు వంపినా అదే జవాబు, అదే నవ్వు. బావ నేత ఆపి మరీ నవ్వాడు. అక్క మాత్రం వాకిలి దగ్గర నిలబడి గ్లాసులనే చూసింది. నేను బయల్దేరేటప్పుడు ఆ సన్న గ్లాసు ఇంట్లో ఉంచి పొమ్మంది. ఎందుకని నేను అడగలేదు.

ఆ ఏడే బావకు అంతకుముందు నుంచీ ఉన్న ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. మగ్గం ఆగిపోయింది. చూసి రావడానికి పోతే సగం నేసిన చీర అలాగే ఉంది, దాని మీద పాత పంచె కప్పి ఉంది. అక్క కాచిన పాలు దించి చంటివాడికి కొంత తీసింది. మిగిలినవి పాపకు ఆ సన్న గ్లాసులో పోసింది. మునుపు పాప తాగే దాంట్లో అవి సగమే. అయినా మట్టం అంచు దాకా వచ్చింది. పాప దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇష్టంగా తాగింది.

నేను చూస్తున్నానని అక్కకు తెలుసు. “దాని కండ్లకు నిండుగుంటే చాల్లే,” అంది మెల్లగా.

ఖాళీ అయిన సన్న గ్లాసును నేనే కడిగి బోర్లించాను.

బావ ఆ ఎండాకాలం దాటలేదు. మగ్గం అమ్మేశారు. అక్క వేరేవాళ్ల ఇళ్లలో నూలు చుట్టడానికి పోయేది. నాకు రొళ్ల దగ్గర పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. సెలవులు వచ్చినప్పుడల్లా ధర్మవరం పోయేదాన్ని.

పాపకు ఏడేళ్లు నిండిన ఏడు, ఒక పొద్దున అక్క ఎప్పటిలాగే పాలు పోసి సన్న గ్లాసు దాని ముందు పెట్టింది. పాప తాగలేదు. పక్కనున్న వెడల్పు గ్లాసులోకి వంపి చూసింది. పాలు అడుగున కొంచెం మేర నిలిచాయి. మళ్లీ సన్న గ్లాసులోకి వంపింది.

“యాదాంట్లో పోసినా ఇవే కదమ్మా,” అంది.

అలిగి అన్న మాట కాదు, కనుక్కున్న సంగతి చెప్పినట్టు అంది. నా తరగతిలో ఏ పిల్ల అలా అన్నా శభాష్ అని వీపు తట్టేదాన్ని. అక్క పొయ్యి వైపు తిరిగి ఊరికే మంట ఎగదోసింది. పాప అమ్మ వీపు వైపు కాసేపు చూసింది. తర్వాత గ్లాసెత్తి, “నాకు దీంట్లో తాగితేనే బాగుంటాదిలేమ్మా,” అని గుటగుటా తాగేసింది.

ఆ మధ్యాహ్నం అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. “పాపను నీతో పిల్చుకపోతావా? నీ బడిలోనే చదువుకోనీ,” అంది. చిన్నోణ్ని విడిచి తాను ఉండలేనంది, ఇద్దరినీ సాకలేనంది. సరేనన్నాను. పాప ఏడవలేదు. తన గౌన్లు తనే మడిచి పెట్టుకుంది. అక్క బస్టాండుకు రాలేదు.

పదో తరగతి దాకా అది నా దగ్గరే చదివింది. బాగా చదివింది కూడా. ఇది కావాలని ఎన్నడూ అడగలేదు. పండక్కి ఏ రంగు గుడ్డలు తేవాలన్నా, “నీ ఇష్టం చిన్నమ్మా” అనేది. ఏటా సెలవులకు ధర్మవరం తీసుకుపోయేదాన్ని. ఒకసారి తిరిగొస్తూ మడకశిర దాటాక, కిటికీ బయటికి చూస్తూనే నాతో చెప్పింది. తమ్ముడు అమ్మ చెవిలో ఏదో అడుగుతుంటే తనకు వినబడిందట.

“‘ఆ యక్క యెప్పుడు పోతాదమ్మా’ అని అడిగినాడు చిన్నమ్మా.”

దాని చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. రొళ్ల వచ్చేదాకా వదల్లేదు.