నెల తక్కువ పిల్లల గది

ఎనభైల మొదట్లో మా ఆసుపత్రి వాళ్లు నన్ను ఏడాదిపాటు మద్రాసు పంపి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకునే నర్సింగులో శిక్షణ ఇప్పించారు. తిరిగొచ్చాక ఇక్కడ ఆ పని తెలిసిన నర్సును నేనొక్కదాన్నే. కాన్పుల వార్డు చివరి గదికి సున్నం వేయించి, ఉయ్యాలల మీద వేడికి బల్బులు కట్టించి పని మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా నా చోటు అదేననుకున్నాను.

కానీ మా దగ్గర నర్సులకు నెలనెలా వార్డు మారేది. దానికి కారణం వైద్యం కాదు. మగపిల్లవాడు పుడితే బంధువులు సిస్టర్ల చేతిలో ఎంతో కొంత పెడతారు. ఎముకల వార్డులో ఎవరూ ఏమీ పెట్టరు. కాన్పుల వార్డు రాబడి అందరికీ అందాలని ఆ వంతులు. నన్ను ఆ గదిలోనే ఉంచమని మేట్రన్ గారిని అడిగిన సంగతి బయటికి పొక్కగానే, నాతోపాటు ఉద్యోగంలో చేరినామె అందరి ముందూ అనేసింది.

"బాగుందే నీ తెలివి! మద్రాసు చదువు పేరు చెప్పి కాన్పుల వార్డు రాయించుకుంటావా? మేం మాత్రం విరిగిన కాళ్లకు కట్లు కట్టుకుంటూ కూర్చోవాలా?"

ఆ డబ్బు నేను ముట్టనన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఆ నెలలోనే పర్చూరు వైపు నుంచి ఒక కూలిమనిషిని తీసుకొచ్చారు. పత్తి తీస్తుండగా చేలోనే నొప్పులు మొదలయ్యాయట. ఏడో నెలకే ఆడపిల్ల పుట్టింది. చప్పరించే బలం లేదు. తల్లిపాలు పిండించి, ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంలో కొద్దికొద్దిగా పోసేదాన్ని. అంతకుముందు పోసినవి అరిగాయో లేదో చూసుకున్నాకే మళ్లీ పోయాలి. ఒళ్లు చల్లబడకుండా దూదిలో చుట్టి ఉంచాలి. ఆసుపత్రి దూది చాలడం లేదని విని పిల్ల అమ్మమ్మ చేలో పత్తి తెచ్చింది. గింజ తీసి, మెత్తగా ఏకి, చెంగున మూటకట్టుకొచ్చింది. పురుగుమందు వాసన గుప్పుమంది. అది పిల్లకు తగలకూడదని చెప్పి, కొట్లో దూది కొనుక్కొచ్చాను. ఆమె చిన్నబుచ్చుకుంది. పిల్ల బరువు రోజూ నా డైరీలో కూడా రాసుకునేదాన్ని. మెల్లగానైనా పెరుగుతోంది.

నెల మారింది. నాకు ఎముకల వార్డు పడింది. పిల్ల తనంతట తాను చప్పరించేదాకా ఉండనివ్వమని మేట్రన్ గారిని బతిమాలాను. ఆవిడ చెడ్డమనిషి కాదు.

"నువ్వు చెప్పేది నిజమేనమ్మాయ్. నీ ఒక్కదానికి ఒప్పుకుంటే రేపు అందరూ నా గుమ్మంలోనే ఉంటారు. వచ్చే ఆమెకు అన్నీ వివరంగా చెప్పి వెళ్లు."

చెప్పాను. గొట్టం సంగతీ, దూది సంగతీ. వచ్చినామె పనిమంతురాలే, కానీ కాన్పుల వార్డు మొత్తం ఆమె నెత్తి మీదే ఉంది. కొద్దిరోజులకు నా డ్యూటీ దిగి చూడబోతే, పిల్ల ఒంటికి మళ్లీ ఆ చేలో పత్తే చుట్టి ఉంది. దూది అయిపోయిందంటే అమ్మమ్మే మళ్లీ తెచ్చిందట. తీసేసి వేరే గుడ్డలో చుట్టాను. అప్పటికే పొట్ట ఉబ్బింది, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మర్నాడు పోయింది.

పత్తి వల్లనో, అరగకముందే పోసిన పాల వల్లనో, నేనున్నా బతికేది కాదో, ఎవరమూ చెప్పలేం. చావుకు కారణం బరువు తక్కువని డాక్టరు గారు రాశారు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మీరెందుకెళ్లిపోయారు సిస్టరమ్మా?"

మా వంతుల సంగతి చెప్పకుండా, వేరే వార్డు వేశారని మాత్రం అన్నాను.

మళ్లీ నా వంతు వచ్చేసరికి ఆ గదిలో విరిగిన మంచాలు పడేశారు. తీయించమని రెండుసార్లు అడిగి ఊరుకున్నాను. కొన్నేళ్లకు ఒక చిన్న నర్సు అదే శిక్షణకు ఎంపికై, వెళ్లమంటారా అని నన్నడిగింది. వద్దన్నాను. ఆ అమ్మాయి వెళ్లలేదు.